తాటిగెల కట్టు విప్పిన మనిషి

మా తమ్ముడి మనవరాలు కాలేజీలో జీవశాస్త్రం చదువుతోంది. పరీక్షలు దగ్గర పడితే పైకి చదవడం దానికి అలవాటు. మొన్న పొద్దున వరండాలో అటూ ఇటూ తిరుగుతూ మొక్కల్లో ఆహారం ప్రయాణించే దారుల గురించి చదువుకుంటోంది. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. మొక్కకు గాయమైతే చాలనీనాళాల రంధ్రాలు కాలోజ్ అనే పదార్థంతో కాసేపటికే మూసుకుపోతాయనీ, అందువల్ల రసం కారిపోకుండా నిలుస్తుందనీ చదివింది. నా చెయ్యి ఆగిపోయింది.

"ఆ ముక్క ఇంకోసారి చదువు" అన్నాను.

చదివింది. "బళ్లో ఇదేగా మామ్మా నువ్వు చెప్పింది? నీకు తెలీనిదా?" అంది.

"తెలుసు. పుస్తకంలో చూడకముందే తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"కల్లు గీసే ఆయన ఒకాయన."

అది నవ్వి మళ్లీ చదువులో పడింది. నాకు మాత్రం ఆ రోజంతా ఏ పనీ సాగలేదు.

ఆయన పేరు నేనెప్పుడూ పలకలేదు. బాబాయ్ అనే పిలిచాను. ఇప్పుడు పేరు చెప్పినా గుర్తుపట్టే మనుషులు గురజాలలో మిగల్లేదు. ఛాతీ మీదా ముంజేతుల లోపలి వైపూ చర్మం గరుకెక్కి, అక్కడక్కడ నల్లగా కాయలు కాసి ఉండేది. ఏళ్ల తరబడి తాటిచెట్లను కావలించుకున్న గుర్తులవి. నేల మీద నడిచేటప్పుడు దొడ్డికాళ్లతో కొంచెం ఊగుతూ నడిచేవాడు. నడుముకు మోకు, వీపున కత్తుల పొది కట్టుకుని చెట్టెక్కుతుంటే మాత్రం ఆ ఊగుడు మాయమైపోయేది. ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. చేతిలో పని ముగించి, మొహం పక్కకు తిప్పుకుని, ఎదురుగా ఉన్న చెట్టుకు చెబుతున్నట్టు చెప్పేవాడు. చెట్టు గీస్తాననే మాట ఆయన నోట రాలేదు. "ఆ రెండు చెట్లనీ అడిగొస్తా, ఉండు" అనేవాడు. ఒక్కోరోజు దిగి వచ్చి, "లేదంది" అని ఖాళీ ముంత చూపించేవాడు.

నాకు ఇరవై మూడేళ్లు నిండకుండానే గురజాల మిషన్ ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా వేశారు. రెండో ప్రపంచయుద్ధం చివరి రోజులు. మా నాన్న ఆ మిషన్ తరఫున క్రైస్తవ ఉపదేశి. ఆదివారం ఆదివారం కల్లు మానమని పల్లెల్లో ప్రసంగాలు చేసేవాడు. బడిలో ఒక ఇత్తడి సూక్ష్మదర్శిని ఉండేది. తన దేశానికి తిరిగిపోతూ ఒక దొరసాని వదిలి వెళ్లిందట. ఆవిడ తర్వాత దాన్ని ముట్టుకున్న మొదటి మనిషిని నేనే. మొక్క కాండాన్ని పొరలా కోసి పిల్లలకు చూపించాలని నా ఆశ. కోతకు ఉంచిన కత్తి మొద్దుబారిపోయింది. యుద్ధం వల్ల కొత్తది దొరకలేదు. నేను కోసిన ముక్కలు సాంబారులో వేసే ముల్లంగి ముక్కల్లా ఉండేవి. వాటి గుండా వెలుతురు పోయేది కాదు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి కన్ను పెట్టి, "చీకటిగా ఉందండీ" అని వెళ్లిపోయేవారు.

ఊళ్లో అన్నిటికన్నా పదునైన కత్తి ఎవరి దగ్గరుందని బడి ఆయాను అడిగాను. మాచవరం బాటలో తాటిచెట్లున్న చోట, తాళ్ల దగ్గరుండే గీతాయన దగ్గరని చెప్పింది. ఒక శనివారం పొద్దున్నే వెళ్లాను. ఆయన చెట్టు మొదట్లో కూర్చుని, చెక్క మీద పలుగురాతి పొడి చల్లి కత్తి నూరుతున్నాడు. మధ్యమధ్య ముంజేతి వెంట్రుకల మీద ఆనించి పదును చూసుకుంటున్నాడు.

"బాబాయ్, నీ కత్తి ఒక్క పూట ఇస్తావా?" అన్నాను.

నూరడం ముగించి, తాటిచెట్టు వైపు చూస్తూ, "కత్తి ఇయ్యను. నీకేం కొయ్యాలో చెప్పు, నే కోస్తా" అన్నాడు.

వెంట తెచ్చుకున్న గుమ్మడి తీగ ముక్క ఇచ్చాను. పల్చగా కోసి నీళ్ల గిన్నెలో వెయ్యాలని చెప్పాను. మొదటి ముక్క కోసి నా మొహం చూశాడు. ఇంకా పల్చన అన్నాను. రెండోది కోశాడు. ఇంకా అన్నాను. ఊపిరి బిగబట్టి, కత్తిని తన వైపు లాగుతూ మూడోది కోశాడు. అది నీళ్లలో పడింది కానీ నాకు కనపడలేదు. గిన్నె పక్కకు వంచితే అప్పుడు మెరిసింది.

"దీంతో ఏం చేస్తావు?" అన్నాడు.

"దీని లోపల చూస్తా."

"ఏముంటది లోపల?"

చెప్పే కన్నా చూపిద్దామనుకున్నాను. కల్లు గీసే మనిషిని బడి ఆవరణలోకి పిలిచే వీలు లేదు. అందుకని సోమవారం సాయంత్రం బడి వదిలాక సూక్ష్మదర్శినిని గుడ్డలో చుట్టుకుని నేనే ప్రహరీ బయటికి తెచ్చాను. అరుగు మీద పెట్టి, అద్దం వెలుతురు వైపు తిప్పాను. ఆయన ముందు రెండు కళ్లూ పెట్టబోయాడు. ఒకటి మూసుకోమన్నాను. మూయడం చేతకాక అరచేత్తో కప్పుకున్నాడు. అలా ఎంతసేపు చూశాడో చెప్పలేను. ఎండ పక్కకు జరిగి వెలుతురు తగ్గిపోయినా లేవలేదు.

"తేనెపట్టు" అన్నాడు చివరికి.

"ఆ గదుల్ని కణాలంటారు బాబాయ్. పెద్ద కన్నాలు కనపడ్డాయా? వేళ్ల నుంచి నీళ్లు పైకెక్కే గొట్టాలవి. వాటి పక్కన సన్నవి ఉన్నాయి చూడు. ఆకులో తయారైన తీపి వాటిలోంచి కిందికి దిగుతుంది."

ఆయన తల తిప్పి, మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూశాడు. "ఆకులో తయారయ్యిద్దని నీకెవరు చెప్పారు?"

"పుస్తకంలో ఉంది."

"నాకు పుస్తకం లేదు. మట్టలు ఎక్కువ నరికిన చెట్టు సరిగా ఇయ్యదు. మా అయ్య చూపిచ్చాడు. ఆకు వండిద్ది, చెట్టు తింటది, మిగిలింది మనకి దిగిద్ది." మళ్లీ కన్ను ఆనించాడు. "ఇంత సన్న గొట్టంలోంచా నా ముంత నిండేది" అని తనలో తనే అనుకున్నాడు.

అలా మొదలైంది. శనివారాలు నేను తాళ్ల దగ్గరికి వెళ్లేదాన్ని. ఆయన కోతలు కోసి ఇచ్చేవాడు. ఆముదం కాండం, జొన్న కాండం, తమలపాకు కాడ, వేప పుల్ల, ఏది ఇచ్చినా కోసేవాడు. నేను పుస్తకంలో ఉన్నది చెబితే ఆయన చెట్లలో ఉన్నది చెప్పేవాడు. వేపకు చుట్టూ పట్ట ఒలిస్తే ఏమవుతుందో నాకు బొమ్మలోనే తెలుసు. ఎవరో పట్ట ఒలిచి వదిలేసిన వేపచెట్టు దగ్గరికి తీసుకెళ్లి ఆయన చూపించాడు. ఒలిచిన చోటికి పైన మాను బోదకాలులా ఉబ్బి ఉంది. కింద సన్నబడిపోయింది.

"పైనుంచి దిగే తిండికి దారి తెగింది. అక్కడే నిలబడిపోయింది. వేళ్లు పస్తుంటన్నాయి, ఇది ఇంకో ఏడు బతికితే ఎక్కువ" అన్నాడు. "తాడికి ఈ బాధ లేదు. దాని నరాలు ఒక పట్టలో ఉండవు, మాను నిండా చెదిరి ఉంటయ్యి."

జొన్న కాండం కోతలో నేను పిల్లలకు చూపించేది సరిగ్గా అదే. రెండు జాతుల కాండాలకూ ఉన్న ఆ తేడాను నేను వారం పాటు పాఠంగా చెప్పేదాన్ని. ఆయన రెండు మాటల్లో ముగించాడు.

నేను ఉపదేశి కూతురినని ఆయనకు తెలుసు. మధ్యాహ్నం తన వంతు కల్లు తాగేటప్పుడు చెట్టు చాటుకు వెళ్లి తాగి, మూతి తుడుచుకుని వచ్చేవాడు. నేను కనపడనట్టు ఉండేదాన్ని. ఆ మర్యాద మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ చెడలేదు.

రోజూ రెండు పూటలా గెల కొసను కొత్తగా ఎందుకు చెక్కాలని ఒకరోజు అడిగాను. నిన్నటి కోత ఉంది కదా, అందులోంచే కారొచ్చు కదా అన్నాను. ఆయన చెట్టు మీద నుంచి అప్పుడే దిగాడు. మోకు విప్పి చుట్ట చుట్టి, భుజాన వేసుకుని, ఆ తర్వాత చెప్పాడు.

"కోసిన మొహం మూసుకుంటది టీచరమ్మా. మనిషికి దెబ్బ తగిల్తే గుడ్డ కట్టుకోడా? అది కూడా తన గాయానికి తనే కట్టు కట్టుకుంటది. నే పోయి ఆ కట్టు విప్పుతా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అది మళ్లీ కట్టుకుంటది, నే మళ్లీ విప్పుతా. ఎంత విప్పాలో అంతే విప్పాలి. రవ్వంత ఎక్కువ కోస్తే దొంగతనం."

నా పుస్తకంలో ఆ సంగతి లేదు. ఆ సాయంత్రం గదికి వచ్చి నోటుబుక్కులో రాసుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత ఒక పెద్ద గ్రంథంలో అదే విషయం చదివినప్పుడు, పక్కన ఎవరూ లేకపోయినా, "చూశావా బాబాయ్" అని పైకే అన్నాను.

మా హెడ్మిస్ట్రెస్ పెద్దావిడ, కఠినమైన మనిషి. నేను తాళ్లలో నిలబడుతున్నానన్న సంగతి ఆవిడ చెవిన పడింది. పిలిచి మందలించింది. "అక్కడ నీకేం పని?" అంటే, "వృక్షశాస్త్రం నేర్చుకుంటున్నానండీ" అన్నాను. ఎగతాళి చేస్తున్నాననుకుని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నేను పులిసిన కల్లు చిన్న సీసాలో పోసి బడికి తెచ్చాను. కల్లును పులియబెట్టే కణాల్ని చూద్దామని నా ఆత్రం. వాసన వరండా దాకా వచ్చింది. ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. సూక్ష్మదర్శిని వైపు చెయ్యి చూపించాను. ఆవిడ కళ్లజోడు తీసి చాలాసేపు చూసింది.

"గుడ్లలా ఉన్నాయే. కదలటల్లేదు."

"ఈస్టు కణాలండీ. ఒక్కొక్క కణం ఒక్కొక్క ప్రాణి. కొన్నిటికి పక్కన చిన్న బొడిపె ఉంది చూడండి, అవి పిల్లలు. తీపిని తిని ఇవి సారా చేస్తాయి."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. "బల్ల సబ్బుతో కడుగు. ఇంకెప్పుడూ తేనని రాసి సంతకం పెట్టు" అని వెళ్లిపోయింది. రాసి ఇచ్చాను. ఆ శనివారం ఆ సీసానూ సూక్ష్మదర్శినినీ తాళ్ల దగ్గరికి పట్టుకెళ్లి ఆయనకూ చూపించాను. చూసి నవ్వాడు. అంతగా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. "మా అయ్య, మా తాత అందరం ఈళ్లకా ఊడిగం చేసింది" అన్నాడు.

స్వాతంత్ర్యం వచ్చిన ఆ రోజుల్లోనే మద్యనిషేధం మా వైపుకూ వచ్చింది. మా నాన్న ఆ ఆదివారం స్తోత్రం చెల్లించాడు. నేను మోకరించి కళ్లు మూసుకున్నాను కానీ ప్రార్థన రాలేదు. ముంతలు పగలగొట్టారు. తీపి నీరా తీసి బెల్లం వండుకునే వాళ్లకు మాత్రం అనుమతి ఇస్తారని తెలిసి ఆయన తరఫున నేనే ఇంగ్లీషులో అర్జీ రాశాను. అనుమతి వచ్చింది. ముంత లోపల సున్నం పూయాలి, అప్పుడు రసం పులియదు. సున్నం ఉంటే ఆ ఈస్టు గుడ్లు ఎదగలేవని నేను చెప్పాను. ఆయన ప్రతి ముంతకూ చూపుడువేలితో సున్నం పూసేవాడు. ఒక్క చోటు కూడా వదిలేవాడు కాదు.

ఒక పొద్దున నేను పాఠంలో ఉండగా గేటు దగ్గరికి మనుషులు వచ్చారు. నిషేధం అమలు చూసే ఇన్స్పెక్టరు, ఇద్దరు జవాన్లు, వాళ్ల వెనక ముంత పట్టుకుని ఆయన. ముంత వాసన చూసి ఇన్స్పెక్టరు పులిసిందన్నాడట. లేదని ఈయన అన్నాడట. చివరికి ఈయనే, "మా టీచరమ్మ కాడ అద్దం ఉంది. దాంట్లో చూస్తే పులిసిందీ లేందీ తెలిసిద్ది. ఆమె చెప్పిందే మాట" అన్నాడట.

సూక్ష్మదర్శిని అరుగు మీదికి తెచ్చాను. ముంతలోంచి కొంచెం రసం గాజుగ్లాసులో పోయించుకుని ఒక చుక్క తీసి చూశాను. చుక్క సరిగా ఆనలేదు. రెండోసారి పెట్టాను. కనపడ్డాయి. ఏడో ఎనిమిదో కణాలు, దూరదూరంగా.

"ఉన్నాయా, లేవా?" అన్నాడు ఇన్స్పెక్టరు.

బాబాయ్ నా వైపు చూడటం లేదు. ప్రహరీ అవతల ఉన్న చెట్టు వైపు చూస్తున్నాడు.

"ఉన్నాయి" అన్నాను.

ఇన్స్పెక్టరు రాసుకున్నాడు. నా చేత సంతకం పెట్టించాడు. అనుమతి రద్దయింది. ముంతను గేటు దగ్గరే నేలకేసి కొట్టారు. వాళ్లు వెళ్లిపోయారు. నేను తరగతికి వెళ్లి, సగంలో ఆపిన పాఠం పూర్తి చేశాను.

గ్లాసులో మిగిలిన రసం అరుగు మీదే ఉండిపోయింది. బడి వదిలాక పారబోయబోతూ ఎందుకో ఆగాను. మళ్లీ ఒక చుక్క పెట్టి చూశాను. అవే ఏడెనిమిది. పొద్దుటి నుంచీ ఒక్కటి కూడా పెరగలేదు. పులిసే కల్లయితే ఆ పాటికి చుక్క నిండా కిక్కిరిసి ఉండాలి. అప్పుడు నాకు అర్థమైంది. ఏ చెట్టు రసంలోనైనా, గాలి తగలగానే, నాలుగు కణాలు పడే తీరతాయి. అవి ఉన్నాయా అని కాదు, ఎదుగుతున్నాయా అని అడగాలి. ఇన్స్పెక్టరు అడిగింది తప్పు ప్రశ్న. అతనికి తెలియదు. తెలియాల్సినదాన్ని నేను.

బాబాయ్ ఇంటికి దాదాపు పరుగున వెళ్లాను. గుమ్మం ముందు కూర్చుని మోకు పురులు సరిచేసుకుంటున్నాడు. భార్య పోయి చాలా కాలమైంది, ఒక్కడే ఉండేవాడు.

"బాబాయ్, నేను తప్పు చెప్పాను."

"లేవా అయితే?"

"ఉన్నాయి. కానీ కొన్నే. అంతమాత్రాన పులిసినట్టు కాదు. సున్నం పని చేసింది. నీ ముంతలో తప్పు లేదు."

మోకు పక్కన పెట్టాడు. నా మొహం చూస్తూ చెప్పాడు. "ఉన్నయ్యి చూశావు, ఉన్నయ్యన్నావు. లేవని చెప్పుంటే ఆ అద్దాన్ని నే మళ్లీ నమ్మేవాణ్ణి కాదు. నువ్వు ఏడవమాక." నేను ఏడుస్తున్నానని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆ రోజే ఇన్స్పెక్టరుకు పెద్ద ఉత్తరం రాశాను. పైఅధికారికి ఒక ప్రతి పంపాను. జవాబు రాలేదు. మళ్లీ రాశాను. హెడ్మిస్ట్రెస్ కూడా, నేను అడగకుండానే, కింద తన మాట నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టింది. ఇవేవీ ఆయనకు చెప్పలేదు. జవాబు చేతికి వచ్చాక చెబుదామనుకున్నాను.

ఏదైనా పని దొరుకుతుందేమోనని ఆయన రెండు వారాలు చూశాడు. గీత తప్ప వేరే పని చేతకాదు. కృష్ణకు అవతల నిజాం రాజ్యంలో నిషేధం లేదు, తాళ్లు ఉన్నాయి. అక్కడ ఆ రోజుల్లో గొడవలు. మూటలు నెత్తిన పెట్టుకుని జనం ఇటు ఒడ్డుకు వస్తున్నారు. ఆయన అటు వెళ్లాడు. వెళ్లే ముందు బడి గేటు దగ్గరికి వచ్చాడట. నేను పైతరగతికి పాఠం చెబుతున్నాను. బెల్లు కొట్టాక ఆయా చెప్పింది.

"చానా సేపు నిలబడ్డాడమ్మా. పిలవనా అంటే వద్దన్నాడు. పాఠం మధ్యలో కదిలిచ్చొద్దన్నాడు."

బాట దాకా పరుగెత్తాను. ఎవరూ లేరు.

జవాబు రావడానికి ఏడాది దాటింది. విషయాన్ని మళ్లీ పరిశీలించి, అనుమతి తిరిగి ఇస్తున్నట్టు ఒక కాగితం వచ్చింది. అప్పటికి అవతలి గొడవలు సద్దుమణిగాయి. వేసవి సెలవులు ఇవ్వగానే పొందుగల వెళ్లి, రేవులో పడవెక్కాను. కృష్ణ ఎండి, మధ్యలో రాళ్లు తేలి ఉంది. అవతలి ఒడ్డున మూడు ఊళ్లు తిరిగాను. నాలుగో ఊళ్లో, తాళ్ల దగ్గర గుడిసె వేసుకున్న ఒకావిడ గుర్తుపట్టింది.

"అవ్, గురజాల దిక్కు నుంచి వచ్చినాయన. మా కాడ్నే ఉన్నడు. మంచి చెయ్యి" అంది. నన్ను పైనుంచి కిందికి చూసింది. "పంతులమ్మవా? ఆయన బిడ్డవు నువ్వేనా? నా బిడ్డ బళ్లె చదువు చెప్తది, చెట్టు లోపల చూస్తదని ఎప్పుడూ చెప్పుకునేటోడు."

"నేనే" అన్నాను. "ఎక్కడున్నాడు?"

"ఎక్కడుండుడేంది? మీ దిక్కే వచ్చిండు కద. నిరుడు శ్రావణంల. గొడవలు జాస్తిగున్నయి, ఏరు నిండుగున్నది, ఇప్పుడు పోకు అంటే వినలే. మా బిడ్డ కాయితం రాసే ఉంటది, పోయి చూస్తనన్నడు. పొద్దుగాల్నే రేవు కాడికి పోయిండు." ఆవిడ మాట ఆపి, "రాలేదా?" అంది.

ఆవిడ మంచినీళ్లిచ్చింది. తాగాను. ఆ కాగితం గురించి ఆవిడకు చెప్పలేదు. రేవులో ముగ్గురు పడవవాళ్లను అడిగాను. ఆ శ్రావణంలో ఎంతోమంది దాటారనీ, ఎవరు ఎవరో తమకు గుర్తులేదనీ చెప్పారు. ఒకతను మాత్రం, దాటనివాళ్లు కూడా ఉన్నారమ్మా అన్నాడు. వాళ్ల గురించి ఎక్కడ అడగాలో అతనికీ తెలియదు.

ఆ తర్వాత నన్ను గుంటూరు బడికి రెండుసార్లు వేశారు. పెద్ద బడి, మంచి ప్రయోగశాల, నాలుగు సూక్ష్మదర్శినులు. రెండుసార్లూ రానని రాశాను. రెండోసారి కారణం తెలపమన్నారు. గురజాల నీళ్లు నా ఒంటికి పడ్డాయని రాశాను. అది అబద్ధం. ఆయన ఏ రోజు వచ్చినా నేను ఊళ్లో ఉండాలి.